కుట్టుమిషన్‌పై పుట్టిన కొలత

ఐటీఐలో మెషినిస్టు ట్రేడ్ చేశారా? మెకానికల్ డిప్లొమానో బీటెక్కో పూర్తిచేసి సీఎన్‌సీ మిల్లింగ్ సెట్టర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తున్నారా? అయితే ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. టూల్ లెంగ్త్ ఎలా సెట్ చేస్తారు అని అడుగుతారు. చాలామంది గబగబా జీ43, హెచ్ నంబరు, ఆఫ్‌సెట్ పేజీ అని చెప్పేస్తారు. పని తెలిసిన ఇంజినీరైతే అక్కడితో వదలడు. టేబుల్ మీద చిన్న ఉక్కు దిమ్మ ఒకటి పెట్టి, దీని మీద 50 అని ఉంది, ఇది నిజంగా 50 మిల్లీమీటర్లేనని మీకెలా తెలుసు అంటాడు. సగం మంది తడబడేది ఇక్కడే.

ఆ దిమ్మను మీరు కాలేజీ మెట్రాలజీ ల్యాబ్‌లో చూసే ఉంటారు. చెక్కపెట్టెలో వరుసగా పేర్చి, నూనె రాసి ఉంచే స్లిప్ గేజులు. రికార్డు రాసేటప్పుడు వాటి బొమ్మ గీసి, సంతకం పెట్టించుకుని, మర్చిపోయి ఉంటారు. అమెరికా వర్క్‌షాపుల్లో వీటిని ఇప్పటికీ జో బ్లాక్స్ అంటారు. ఆ జో ఒక మనిషి పేరులోని మొదటి అక్షరం. ఆయన కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్. స్వీడన్‌కు చెందిన తుపాకుల ఫ్యాక్టరీ కార్మికుడు. ఆయన పుట్టింది 1864లో. సీఎన్‌సీ మెషీన్ అనేది ఆయన చనిపోయాక వచ్చింది. అయినా మీరు ఆఫ్‌సెట్ పేజీలో కొట్టే ప్రతి అంకె వెనకా ఆయన పని ఉంది. ఎలాగో చెప్పాలంటే ముందు మెషీన్ సంగతి కాస్త చూడాలి.

మెషీన్‌కు తెలిసింది ఒక్కటే

మెషీన్ ఆన్ చేసి హోమ్‌కు పంపగానే దానికి తెలిసేది తన సొంత సున్నా ఎక్కడుందో మాత్రమే. వైస్‌లో మీరు బిగించిన జాబ్ ఎక్కడుందో దానికి తెలియదు. స్పిండిల్‌లో ఉన్న ఎండ్‌మిల్ ఎంత పొడుగుందో తెలియదు. ఈ రెండూ మీరే చెప్పాలి. జాబ్ ఎక్కడుందో చెప్పేది జీ54 వంటి వర్క్ ఆఫ్‌సెట్. టూల్ పొడవు చెప్పేది టూల్ లెంగ్త్ ఆఫ్‌సెట్. మీరు చెప్పింది తప్పా ఒప్పా అని మెషీన్ ఆలోచించదు. ఆజ్ఞ అందింది, కదిలింది, అంతే.

ఒక లెక్క చూడండి. నాలుగో టూల్ పొడవు 87.30 మిల్లీమీటర్లు, ఐదోది 112.46 అనుకుందాం. ప్రోగ్రామ్‌లో ఐదో టూల్‌కు హెచ్5 అని ఉండాల్సిన చోట పొరపాటున హెచ్4 పడింది. మెషీన్ దృష్టిలో ఇప్పుడు స్పిండిల్‌లో ఉన్నది పొట్టి టూల్. అందుకే దాన్ని ఉండాల్సిన దానికంటే 25.16 మిల్లీమీటర్లు కిందికి దించేస్తుంది. అదీ ర్యాపిడ్ వేగంతో. టూల్ విరిగితే అదృష్టం అనుకోవాలి. స్పిండిల్ బేరింగులు దెబ్బతింటే మెషీన్ రోజుల తరబడి ఆగిపోతుంది. తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి ఆ పొడవు ఎలా కొలుస్తారు? టూల్‌ను నేరుగా జాబ్‌కు తాకించొచ్చు కానీ కార్బైడ్ అంచు చిట్లిపోతుంది, జాబ్ మీద గీత పడుతుంది. అందుకే మధ్యలో కొలత తెలిసిన దిమ్మ ఒకటి పెడతారు. 50 మిల్లీమీటర్ల దిమ్మ అనుకోండి. టూల్‌ను పక్కనే, దిమ్మ ఎత్తు కన్నా కాస్త తక్కువకు దించుతారు. తర్వాత హ్యాండ్‌వీల్‌తో మెల్లగా పైకి లేపుతూ దిమ్మను టూల్ కిందికి జరిపి చూస్తారు. దూరదు. ఇంకో క్లిక్ లేపుతారు. దూరదు. ఇంకో క్లిక్. చేతికి చిన్న రాపిడి తగులుతూ దిమ్మ లోపలికి జారుతుంది. టూల్ కొన జాబ్ పైతలానికి సరిగ్గా 50 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందని కంట్రోల్‌కు అప్పుడు చెప్తారు. దిమ్మ కింద ఉండగా టూల్‌ను దించుతూ చూడటం మాత్రం చేయకండి. ఒక్క క్లిక్ ఎక్కువైతే దిమ్మా పాడు, టూలూ పాడు.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. దిమ్మ పెట్టి కూడా 50కి బదులు సున్నా కొడితే టూల్ 50 మిల్లీమీటర్ల పైన గాలిని కోస్తూ తిరుగుతుంది. నవ్వుకుని సరిచేసుకోవచ్చు. దీనికి తిరగబడిన తప్పు ప్రమాదకరం. టూల్‌ను నేరుగా జాబ్‌కే తాకించి, అలవాటు కొద్దీ 50 కొట్టారనుకోండి. మెషీన్ సున్నాను జాబ్ లోపల 50 మిల్లీమీటర్ల లోతున ఉందనుకుంటుంది. వర్క్ ఆఫ్‌సెట్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. 10 మిల్లీమీటర్ల ఎడ్జ్ ఫైండర్‌తో అంచు పట్టాక దాని సగం, అంటే 5 మిల్లీమీటర్లు, లెక్కలోకి తీసుకోవడం మర్చిపోతే ప్రతి రంధ్రం 5 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది.

ఇదంతా ఆ 50 నిజమైన 50 అయినప్పుడే. ఆ నమ్మకం సంపాదించడానికే జొహాన్సన్ జీవితంలో పెద్ద భాగం ఖర్చయింది.

అమెరికా వెళ్లి, తిరిగొచ్చి

ఆయనది పల్లెటూరి నేపథ్యం. 18 ఏళ్ల వయసులో, 1882లో, అన్నదమ్ములిద్దరూ ఓడెక్కి అమెరికా వెళ్లారు. మిన్నెసోటా రాష్ట్రంలో కలప పని చేశాడు. అక్కడి గుస్టావస్ అడాల్ఫస్ కాలేజీలో కొంత చదివాడు. రెండేళ్లకే స్వీడన్ తిరిగొచ్చాడు. అప్పట్లో స్వీడన్ నుంచి వేలమంది అమెరికా దారి పట్టేవాళ్లు. తిరిగొచ్చేవాళ్లను ఊళ్లో ఎలా చూస్తారో మనకు తెలియంది కాదు.

ఎస్కిల్‌స్టునా అనే ఊళ్లో స్థిరపడ్డాడు. కత్తులు, తాళాలు, ఇనుప సామానుకు పేరున్న ఊరు. అక్కడి ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ పని అయ్యాక టెక్నికల్ స్కూల్లో చదివేవాడు. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. క్రమంగా తుపాకుల తనిఖీ పనిలోకి వచ్చాడు. తయారైన భాగం కొలతకు ఉందా లేదా తేల్చే పని. మన షాపుల్లో ప్రొడక్షన్ వాళ్లకు క్వాలిటీ వాళ్లంటే పడదు కదా. అప్పుడూ అంతే అయి ఉంటుందని నా ఊహ.

1890లలో స్వీడన్ సైన్యం జర్మనీకి చెందిన మౌజర్ తుపాకీని ఎంచుకుంది. దాన్ని స్వదేశంలో తయారు చేసుకోవడానికి, పని చూసి నేర్చుకోమని ఎస్కిల్‌స్టునా నుంచి కొందర్ని ఒబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీకి పంపారు. వాళ్లలో జొహాన్సన్ ఉన్నాడు. అక్కడ ఆయన దృష్టి తుపాకుల కంటే గేజుల మీద పడింది. తుపాకీలో ఒక్కో కొలతకూ ఒక్కో ప్రత్యేక గేజు. అలాంటివి అల్మారాల నిండా ఉన్నాయి. ఇవన్నీ ఎస్కిల్‌స్టునాలో మళ్లీ తయారు చేయాలంటే ఎన్ని నెలలు, ఎంత డబ్బు? రేపు తుపాకీ డిజైన్ మారితే? మళ్లీ మొదటికే.

ఇంటికి తిరిగొస్తూ రైల్లో ఆయన లెక్కలు వేసుకున్నాడు. ప్రతి కొలతకూ ఒక దిమ్మ ఎందుకు? కొన్ని దిమ్మల్ని కలిపి కావాల్సిన కొలత కట్టుకోలేమా? మన తూకం రాళ్ల పద్ధతే ఇది. కొట్లో మూడు కిలోలకు విడిగా రాయి ఉండదు, రెండూ ఒకటీ కలుపుతారు. కాకపోతే రాళ్లకు చెల్లింది ఉక్కు దిమ్మలకు చెల్లుతుందని అప్పటికి ఎవరూ గట్టిగా నమ్మలేదు. దిమ్మ మీద దిమ్మ పెడితే మధ్యలో సందు వస్తుంది, ఒక్కోదానిలో ఉన్న చిన్న తప్పు కలిసి పెద్దదవుతుంది.

102 దిమ్మలు, 20,000 కొలతలు

ఆయన తేల్చిన సెట్ ఇది. మొదటి వరుసలో 1.01 నుంచి 1.49 దాకా 0.01 తేడాతో 49 దిమ్మలు. రెండో వరుసలో 0.5 నుంచి 24.5 దాకా అర మిల్లీమీటరు తేడాతో 49. మూడో వరుసలో 25, 50, 75, 100. మొత్తం 102. వీటితో 1 మిల్లీమీటరు నుంచి 201 దాకా మిల్లీమీటరులో నూరో వంతు తేడాతో దాదాపు 20,000 కొలతలు కట్టొచ్చు.

మీరే ప్రయత్నించండి. 37.28 కావాలి. ఎప్పుడూ చివరి అంకె నుంచి మొదలుపెట్టాలి. 1.28 దిమ్మ తీస్తే 36 మిగిలింది. 11 తీస్తే 25. అది ఎలాగూ ఉంది. మూడు దిమ్మలతో పని అయిపోయింది. ఇంటర్వ్యూలో స్లిప్ గేజుల మీద లెక్క ఇస్తే చేయాల్సింది ఇదే. ఎంత తక్కువ దిమ్మలు వాడితే అంత మంచిది.

జొహాన్సన్‌ను మేధావి అని చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. ఈ లెక్క మీలో ఎవరైనా కాగితం మీద అరగంటలో వేయగలరు. అసలు కష్టం ఆ కాగితం తర్వాత ఉంది. ప్రతి దిమ్మా మిల్లీమీటరులో వెయ్యో వంతు వరకు సరిగ్గా ఉండాలి. ఎదురెదురు ముఖాలు సమాంతరంగా, అద్దంలా చదునుగా ఉండాలి. అలాంటిది చేయగల మెషీన్ ఆయనకు అందుబాటులో లేదు.

అందుకని ఇంట్లో ఉన్న సింగర్ కుట్టుమిషన్‌ను మార్చుకున్నాడు. కాలితో తొక్కితే తిరిగే చక్రాన్ని ఉక్కును అరగదీసే యంత్రంగా మలిచాడు. దిమ్మల్ని ఫ్యాక్టరీలో కోసి, గట్టిపరిచి, ముతకగా గ్రైండ్ చేసి ఇంటికి తెచ్చేవాడు. పగలంతా ఉద్యోగం. చివరి మైక్రాన్ల పని ఇంట్లో కుట్టుమిషన్ మీద. భార్య కూడా చేయి వేసేది. ఇలా ఒకటో రెండో వారాలు కాదు, ఏళ్లు గడిచాయి. పేటెంటు కూడా అడగ్గానే రాలేదు. 20వ శతాబ్దం మొదటి ఏళ్లలో గానీ చేతికి అందలేదు. అంతవరకూ ఫ్యాక్టరీ జీతమే ఆధారం.

అంత చదునుగా అరగదీసినందుకు ఒక విచిత్రం జరిగింది. రెండు దిమ్మల ముఖాలు శుభ్రంగా తుడిచి, ఒకదాని మీద ఒకటి తిప్పుతూ జరిపితే అతుక్కుపోతాయి. జిగురు లేదు, అయస్కాంతం లేదు. లాగితే అంత తేలిగ్గా ఊడవు. దీన్నే రింగింగ్ అంటారు. పరీక్షల్లో గాలి ఒత్తిడి వల్ల అని రాసేవాళ్లున్నారు, అది సరిపోదు. గాలి తీసేసిన చోట కూడా అవి అతుక్కునే ఉంటాయి. ముఖాలు అంత దగ్గరగా వచ్చినప్పుడు అణువుల మధ్య ఉండే ఆకర్షణ, ఉపరితలం మీది పలుచని నూనె లేదా తేమ పొర కలిసి చేసే పని ఇది. దాంతో దిమ్మల మధ్య సందు వస్తుందన్న భయం తీరింది. వేలి ముద్ర, దుమ్ము కణం ఉంటే మాత్రం అతుక్కోవు. దిమ్మలను తుడిచి వాడమని ల్యాబ్‌లో పదేపదే చెప్పేది అందుకే. జాబ్ కింద చిన్న చిప్ ఇరుక్కుంటే మీ జెడ్ సున్నా ఎంత జాగ్రత్తగా పట్టినా ఉపయోగం లేనిదీ అందుకే.

మరి 50 నిజంగా 50 ఏనా?

ఇంటర్వ్యూ ప్రశ్న దగ్గరికి వద్దాం. దిమ్మల్ని ఒకదానితో ఒకటి పోల్చుకోవడం తేలికే. ఒక 100 దిమ్మ నమ్మకమైనదైతే, సమానంగా ఉన్న రెండు 50లు కలిపి దానికి సరిపోవాలి. అలాగే సమానమైన నాలుగు 25లు. ఇలా కిందికి దిగుతూ ప్రతిదాన్నీ పట్టుకోవచ్చు. కానీ ఆ మొదటి 100 సంగతి? దానికి జొహాన్సన్ తన ప్రమాణ దిమ్మను పారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థ దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. మీటరు ప్రమాణాన్ని భద్రపరిచిన చోటు అదే.

ఈ గొలుసుకే ఇప్పుడు ట్రేసబిలిటీ అని పేరు. మీ షాపులో టూల్ కింద పెట్టే దిమ్మ క్వాలిటీ విభాగం స్లిప్ సెట్ కాదు. అలా చేస్తే తిట్లు తప్పవు. రోజువారీ పనికి వేరే సెట్టింగ్ బ్లాకో, డయల్ ఉన్న హైట్ సెట్టరో ఉంటుంది. దాన్ని సరిచూసేది క్వాలిటీ వాళ్ల స్లిప్ గేజులతో. ఆ స్లిప్ గేజులు ఏటా రెండేళ్లకో గుర్తింపు పొందిన క్యాలిబ్రేషన్ ల్యాబ్‌కు వెళ్తాయి. ఆ ల్యాబ్ ప్రమాణాలు దేశంలో చివరికి న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వరకు ముడిపడి ఉంటాయి. 50 నిజమేనని ఎలా తెలుసు అన్న ప్రశ్నకు జవాబు ఇది. ఈ గొలుసు వివరంగా చెప్పగలిగితే ఎదుటివాడికి మీరు బటన్లు నొక్కే ఆపరేటరా, సెట్టరా అన్నది అర్థమైపోతుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ వంటి చోట టూల్ డిజైన్ కోర్సులు చేసినవారికి ఇది కొత్త కాదు. మిగతావాళ్లు తమ కాలేజీ ల్యాబ్ పెట్టె మూతలో అంటించిన క్యాలిబ్రేషన్ పత్రం ఉంటే ఒకసారి తీసి చదవండి. ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో అందులో రాసి ఉంటుంది. 20 డిగ్రీలు.

ఆ 20 డిగ్రీలది పెద్ద కథే. ఉక్కు వేడికి పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల ఉక్కు ఒక డిగ్రీకి ఒక మైక్రాన్ కంటే కాస్త ఎక్కువే పొడుగవుతుంది. అందుకే ఏ వేడి దగ్గరి 100 అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు. అధికారిక మీటరు సున్నా డిగ్రీల దగ్గర నిర్వచించి ఉండేది. ఏ వర్క్‌షాపు సున్నా డిగ్రీల్లో పనిచేస్తుంది? జొహాన్సన్ 20 డిగ్రీలు ఎంచుకున్నాడు. మనిషి చొక్కాతో సుఖంగా పనిచేయగల వేడి అది. మన మే నెల షాపులో 38 డిగ్రీలుంటే? ఉక్కు జాబ్, ఉక్కు గేజు రెండూ ఒకేలా పెరుగుతాయి కాబట్టి పెద్దగా తేడా తెలియదు. అల్యూమినియం జాబ్ అయితే అలా కాదు. అది ఉక్కుకు దాదాపు రెట్టింపు పెరుగుతుంది. 18 డిగ్రీల తేడాకు 100 మిల్లీమీటర్ల దగ్గర సుమారు 20 మైక్రాన్లు తేడా వస్తుంది. షాపులో పాసైన జాబ్ ఏసీ క్వాలిటీ గదిలో ఫెయిలైందంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

అంగుళం తగాదా

1908 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్ ఈ సెట్ కొన్నాడు. అమెరికాలో అమ్ముడైన తొలి సెట్ అదేనని చెప్తారు. భాగాలు ఏ కారువి ఏ కారులోనైనా సరిపోవాలన్నది లీలాండ్ పట్టుదల. అదే ఏడాది ఇంగ్లండ్‌లో మూడు క్యాడిలాక్ కార్లను విప్పి, భాగాలన్నీ కలిపేసి, మళ్లీ మూడు కార్లుగా బిగించి నడిపి చూపించారు.

అమెరికా, ఇంగ్లండ్ అంగుళాలు మాత్రం ఒకటి కావు. అమెరికాది 25.4 మిల్లీమీటర్ల కంటే వెంట్రుక వాసి కూడా కాని తేడాతో ఎక్కువ, ఇంగ్లండ్‌ది కొద్దిగా తక్కువ. మిల్లీమీటరులో లక్షో వంతుల్లో తేడా. ఒక దేశానికి సెట్ చేస్తే ఇంకో దేశానికి తప్పు. 1912లో అంగుళాల దిమ్మలు చేసేటప్పుడు జొహాన్సన్ ఈ తగాదా ఎటూ తేల్చకుండా మధ్యలో గీత గీశాడు. 20 డిగ్రీల దగ్గర సరిగ్గా 25.4. రెండు దేశాల చట్టాల్లోనూ ఆ అంకె లేదు. కానీ షాపుల్లో అందరి చేతుల్లో ఉన్నవి ఆయన దిమ్మలే. ప్రమాణం అలా పని జరిగే చోట మొదలై పైకి వెళ్లింది. బ్రిటన్ ప్రమాణాల సంస్థ 1930లో, అమెరికా సంస్థ 1933లో పరిశ్రమల కోసం అదే ఒప్పుకున్నాయి.

1923లో హెన్రీ ఫోర్డ్ ఆయన అమెరికా వ్యాపారాన్ని కొని, ఆయన్ను డియర్‌బోర్న్‌కు పిలిపించుకున్నాడు. 18 ఏళ్లప్పుడు కలప మోయడానికి వెళ్లిన దేశానికి దాదాపు 60 ఏళ్ల వయసులో ఈసారి ఇలా వెళ్లాడు. 1936 వరకు ఫోర్డ్‌లో పనిచేసి, 72 ఏళ్లకు రిటైరై, ఎస్కిల్‌స్టునా చేరుకున్నాడు. 1943 సెప్టెంబరు 30న అక్కడే కన్నుమూశాడు.

1959లో అమెరికా, బ్రిటన్‌తో పాటు మరికొన్ని దేశాలు కలిసి అంగుళం అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లని ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికి జొహాన్సన్ పోయి 16 ఏళ్లు. మీ కంట్రోల్‌లో జీ20 పెడితే అంగుళాలు, జీ21 పెడితే మిల్లీమీటర్లు. ఈ రెండింటి మధ్య మెషీన్ వాడే అంకె అదే.